రాకీ మౌంటెన్ ఆర్సెనల్: డెన్వర్ అంచున ఒక పూట నడక

రాకీ మౌంటెన్ ఆర్సెనల్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరానికి ఈశాన్యాన, కామర్స్ సిటీ అనే పారిశ్రామిక పట్టణాన్ని ఆనుకుని ఉంది. విస్తీర్ణం సుమారు 15,000 ఎకరాలు, అంటే దాదాపు 60 చదరపు కిలోమీటర్లు. నగరాల పక్కనున్న అమెరికా ఆశ్రయాల్లో పెద్దవాటిలో ఇదొకటి. నేల చదునుగా ఉంటుంది, ఎక్కడా పెద్ద ఎత్తు ఎక్కే పని లేదు, ప్రవేశ రుసుము లేదు. చిన్నపిల్లల చేయి పట్టుకుని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కూడా ఒక పూటలో చుట్టి రావచ్చు. బైసన్ మందలు, రెండు రకాల జింకలు, నక్కల్లాంటి కయోటీలు, డేగలు, గూడబాతులు మొదలుకొని 330కి పైగా జాతుల జీవులు ఇక్కడ నమోదయ్యాయి. ఇదే నేల మీద ఒకప్పుడు విషవాయువులూ పురుగుమందులూ తయారయ్యాయి. ఆ చరిత్ర తెలియకుండా నడిచినవాళ్లు ఈ చోటును సగమే చూసినట్టు.

నేల, వాతావరణం

ఆశ్రయం సముద్రమట్టానికి 1,600 మీటర్లకు అటూఇటూగా ఉంది. పడమట రాకీ పర్వతాల వరుస ఆకాశం అంచు పొడవునా నిలబడి ఉంటుంది. నైరుతి దిక్కున డెన్వర్ ఎత్తైన భవనాలు కనిపిస్తాయి. ఈశాన్యాన ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయానికి వచ్చీపోయే విమానాల చప్పుడు తరచూ వినిపిస్తూనే ఉంటుంది. పర్వతాలు మేఘాలను అడ్డుకోవడంతో ఇక్కడ ఏడాదికి కురిసేది 400 మిల్లీమీటర్లలోపే, అనంతపురం కంటే తక్కువ. అంత కొద్ది వానకు చెట్లు అడవిగా పెరగవు. పొట్టి గడ్డి మాత్రం పెరుగుతుంది. బ్లూ గ్రామా, బఫెలో గ్రాస్ అనే రెండు రకాల గడ్డి ఈ మైదానానికి ఆధారం. పైకి జానెడు ఎత్తే కనిపించినా వీటి వేళ్లు మట్టిని గట్టిగా అల్లుకుని ఉంటాయి. అందుకే కరువొచ్చినా, మంద మేసినా మళ్ళీ చిగురిస్తాయి. నీళ్లున్న చోట మాత్రం కాటన్‌వుడ్ అనే పెద్ద చెట్లు గుంపులుగా కనిపిస్తాయి. లేడోరా, లోయర్ డెర్బీ చెరువులు పూర్వపు రైతులు సేద్యం కోసం తవ్వుకున్నవే.

ఈ మైదానం మొదట అరపహో, షయాన్ తెగలవారిది, వాళ్లు వేటాడే బైసన్లది. 19వ శతాబ్దం చివర్లో తెల్లవారి రైతు కుటుంబాలు వచ్చి కాలువలు తవ్వి, గోధుమ, మొక్కజొన్న వేసుకుని స్థిరపడ్డాయి.

యుద్ధం తెచ్చిన కర్మాగారం

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. మరుసటి ఏడే అమెరికా సైన్యం ఈ ప్రాంతంలో సుమారు 17,000 ఎకరాలు తీసుకుని, అక్కడి రైతు కుటుంబాలను తరలించి, రసాయన ఆయుధాల కర్మాగారం కట్టింది. తీరానికి దూరంగా దేశం నడిమధ్యలో ఉండటం, రైలు మార్గం, పక్కనే నగరం నుంచి దొరికే కూలీలు, ఇవన్నీ ఈ చోటుకు కలిసొచ్చాయి. మస్టర్డ్ గ్యాస్, లూయిసైట్, క్లోరిన్, నాపామ్ నింపిన నిప్పు బాంబులు ఇక్కడ తయారయ్యాయి. జర్మన్ యుద్ధఖైదీల శిబిరం కూడా ఈ ఆవరణలోనే ఉండేది. యుద్ధం ముగిశాక, 1950ల్లో, నరాల మీద పనిచేసే సారిన్ వాయువు ఉత్పత్తి మొదలైంది.

సైన్యానికి అక్కర్లేని షెడ్లను ప్రైవేటు కంపెనీలకు అద్దెకిచ్చారు. వాటిలో జూలియస్ హైమన్ అనే కంపెనీ ఒకటి. 1952లో దాన్ని షెల్ కంపెనీ కొనుక్కుని, 1982 దాకా ఇక్కడ పురుగుమందులు తయారుచేసింది. వాటి పేర్లు ఆల్డ్రిన్, డైఎల్డ్రిన్, ఎండ్రిన్. వీటిలో మూడో పేరు తెలుగు పల్లెలకు బాగా తెలుసు. పత్తిచేను మీద కొట్టిన మందూ అదే, బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లు తాగిన మందూ అదే. ఒక తరం వాళ్లకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈ మూడూ మట్టిలో ఏళ్ల తరబడి విరగకుండా ఉండి, పురుగు నుంచి పిట్టకూ పిట్ట నుంచి డేగకూ చేరి కొవ్వులో పేరుకుంటాయి. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచమంతటా అదుపు చేయాలని మొదట ఎంచిన పన్నెండు రసాయనాల్లో ఈ మూడూ ఉన్నాయి.

వ్యర్థాలను మొదట్లో అడుగున ఏ పొరా వేయని గుంటల్లోకి వదిలారు. అవి భూగర్భజలంలోకి ఇంకి ఉత్తరాన ఉన్న రైతుల బావుల్లోకి చేరాయి. ఆ నీళ్లు పారించిన పైర్లు 1950ల తొలి ఏళ్లలో మాడిపోయాయి. రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఈ ఆర్సెనల్ ప్రస్తావన ఉంది. భూమి కింది నీటిని కలుషితం చేస్తే అది ఎక్కడ తేలుతుందో చెప్పలేమనడానికి ఆమె ఈ ఉదంతాన్నే సాక్ష్యంగా చూపించింది. 1956లో అడుగున తారు పరిచి 93 ఎకరాల వ్యర్థాల కుంట కట్టారు. వలస వెళ్తూ దాన్ని మామూలు చెరువనుకుని దిగిన బాతులు చచ్చి తేలాయి.

తరువాత చేసిన పని ఇంకా విచిత్రమైన ఫలితమిచ్చింది. ద్రవ వ్యర్థాలను భూమి లోతుల్లోకి ఎక్కించి వదిలించుకుందామని 1961లో 3,671 మీటర్ల లోతు బావి తవ్వారు. 1962 మార్చిలో ఎక్కించడం మొదలుపెట్టారు. కొద్ది వారాలకే, భూకంపాలు అరుదైన డెన్వర్ చుట్టుపక్కల నేల కంపించసాగింది. ఎక్కించిన ద్రవం పరిమాణం పెరిగిన నెలల్లో కంపనాలూ పెరిగాయని డేవిడ్ ఎవాన్స్ అనే భూవిజ్ఞాని 1965లో బయటపెట్టాడు. 1966లో బావిని ఆపేశారు. అయినా లోపల ఒత్తిడి సర్దుకోక, 1967 ఆగస్టులో 5కి దగ్గరి తీవ్రతతో పెద్ద కంపనమే వచ్చింది. రాతి పగుళ్లలోకి ద్రవం చొరబడి ఒత్తిడి పెంచితే, అప్పటిదాకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకున్న పలకలు జారతాయని భూభౌతిక శాస్త్రం ఈ బావి వల్లే స్పష్టంగా నేర్చుకుంది. చమురు బావుల దగ్గర వ్యర్థజలాన్ని ఎక్కించే చోట్ల వచ్చే భూకంపాల చర్చ ఈనాటికీ డెన్వర్ నుంచే మొదలవుతుంది.

డేగలు వచ్చిన శీతాకాలం

ఉత్పత్తి ఆగిపోయాక మిగిలింది విషపు మట్టి, పాడుబడ్డ కట్టడాలు, వాటి చుట్టూ భద్రత కోసం వదిలిన విశాలమైన ఖాళీ నేల, అందరినీ బయటే ఆపిన కంచె. 1986 శీతాకాలంలో ఇక్కడి కాటన్‌వుడ్ చెట్ల మీద తెల్లతల డేగలు రాత్రిపూట గుంపుగా వాలుతున్నట్టు కనిపెట్టారు. అమెరికా జాతీయ చిహ్నమైన ఆ పక్షి అప్పటికి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద ఉంది. డీడీటీ వంటి పురుగుమందులే దాన్ని ఆ స్థితికి తెచ్చాయి. అలాంటి డేగ వెతుక్కుంటూ వచ్చింది పురుగుమందుల కర్మాగారం పెరట్లోకి. మరుసటి ఏడు, 1987లో, ఈ స్థలం దేశంలో అత్యవసరంగా శుద్ధి చేయాల్సిన కలుషిత స్థలాల జాబితాకెక్కింది. చేప, వన్యప్రాణి సేవా విభాగం లెక్క తీయగా జింకలు, కయోటీలు, ప్రెయిరీ డాగులనే బొరియ జంతువులు, గుడ్లగూబలు కంచె లోపల నిక్షేపంగా ఉన్నాయని తేలింది.

మనుషులను దూరం పెట్టిన గోడ వన్యప్రాణిని కాపాడటం మనకూ తెలియని సంగతి కాదు. హైదరాబాదులో వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటమైదానం. వేట కోసం కాపాడిన నేల కాబట్టే చుట్టూ కాలనీలు పెరిగినా కృష్ణజింకలకు కొంత చోటు మిగిలింది. డెన్వర్‌లో ఆ పని ఆయుధాల కర్మాగారపు కంచె చేసింది. ఇందులో కర్మాగారానికి ఇవ్వాల్సిన మెప్పేమీ లేదు. మెప్పు దక్కవలసింది డేగలను చూసిన వెంటనే, ఈ నేలను అమ్మేసి ఇళ్లస్థలాలు చేయకుండా నిలబెట్టిన వాళ్లకు. 1992 అక్టోబరులో అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ సంతకంతో, శుద్ధి పూర్తయ్యాక ఇది వన్యప్రాణి ఆశ్రయం కావాలని చట్టం వచ్చింది.

శుద్ధికి సుమారు 210 కోట్ల డాలర్లు అయింది. సైన్యమూ షెల్ కంపెనీ కలిసి భరించాయి. వందల కట్టడాలను కూల్చారు. తీవ్రంగా కలుషితమైన మట్టిని తవ్వి, ఆవరణలోనే ప్రత్యేకంగా కట్టిన గోతుల్లో పూడ్చారు. మిగతా చోట్ల, నీరు దిగకుండా, జంతువులు తవ్వలేకుండా, పొరలు పొరలుగా కప్పు వేశారు. 2000లో తుక్కు సామాను తొలగిస్తుండగా సారిన్ నింపిన చిన్న బాంబులు బయటపడి పని నిలిచిపోయింది. వాటిని అక్కడికక్కడే, అతి జాగ్రత్తగా నిర్వీర్యం చేశారు. 2004లో మొదటి విడత భూమి ఆశ్రయం చేతికొచ్చింది. 2010లో శుద్ధి పనులు ముగిశాయి.

నడక

సందర్శకుల కేంద్రం దగ్గర మొదలుపెట్టడం మంచిది. రైతుల కాలం నుంచి కర్మాగారం దాకా, అక్కడి నుంచి ఆశ్రయం దాకా జరిగినదంతా లోపల ప్రదర్శనలో ఉంటుంది. పాపాన్ని దాచకుండా చెప్పుకున్న ప్రదర్శన అది. పిల్లలకు ముందు దాన్ని చూపించి తర్వాత నడిపిస్తే దారిలో వాళ్ల ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

అక్కడి నుంచి గడ్డి మధ్యగా సాగే దారి మేరీ చెరువుకు చేరుతుంది. ఇది చిన్న చెరువు. అంచున రెల్లు, తుంగ దట్టంగా ఉంటాయి. నీటి మీద తేలే చెక్కబాట మీదుగా నడిచేటప్పుడు పాదాల పక్కనే తాబేళ్లు ఎండకాచుకోవడం కనబడుతుంది. దీని పక్కనే లేడోరా చెరువు, మరింత పెద్దది. దాని కట్ట మీదుగా చుట్టూ తిరిగే దారి ఈ ఆశ్రయంలోకెల్లా అందమైన నడక అని చెప్పవచ్చు. ఒకవైపు నీరు, నీటి అవతల గడ్డి, గడ్డి అవతల మంచు కప్పిన కొండలు. వేసవిలో తెల్ల గూడబాతులు ఇక్కడ దిగుతాయి. నేలపట్టులోనో, తేలినీలాపురంలోనో గూడబాతులను చూసినవాళ్లు వీటిని చూడగానే పోల్చుకుంటారు. ఇవి కూడా గుంపుగా చేపలను ఒడ్డువైపు తరుముతూ వేటాడతాయి. అమెరికాలో మొట్టమొదటి జాతీయ వన్యప్రాణి ఆశ్రయాన్ని 1903లో ఫ్లోరిడాలో ఏర్పాటు చేసింది కూడా గూడబాతుల కోసమే. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ పెలికన్ ఐలాండ్ అనే చిన్న లంకను వాటికి రాసిచ్చాడు.

రెండు చెరువులూ చుట్టి వెనక్కి రావడానికి ఒక ఉదయం చాలు. ఆగి ఆగి చూసేవాళ్లకు మధ్యాహ్నం దాటుతుంది. ఈ నడకలో తొందరపడితే వచ్చే లాభమేమీ లేదు. మ్యూల్ జింకలు కాటన్‌వుడ్ నీడల్లో పడుకుని ఉంటాయి. గాడిద చెవుల్లాంటి పెద్ద చెవులు కదిలితేనే అవి ఉన్నట్టు తెలుస్తుంది. వసంతంలో కంచె గుంజల మీద పసుపు రొమ్ము మీద నల్లటి పట్టీ ఉన్న మెడోలార్క్ కూర్చుని పాడుతుంది. ఆ పాట విన్నాక మిగతా పక్షులను కాసేపు పట్టించుకోబుద్ధి కాదు.

బైసన్లు, బొరియలు

బైసన్లను నడుస్తూ చూడటం కుదరదు. వాటి మైదానం గుండా 11 మైళ్ల కారు దారి ఉంది. అక్కడ కారు దిగకూడదు. మగ బైసన్ తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది, గంటకు యాభై కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తగలదు. ఒకప్పుడు ఈ ఖండంలో కోట్ల సంఖ్యలో ఉన్న ఈ జంతువు 1880ల చివరికి వెయ్యిలోపుకు పడిపోయింది. తోళ్ల వ్యాపారం, రైలు మార్గాలు, తెగల ఆహారాన్ని లేకుండా చేయాలన్న పాలకుల పట్టుదల కలిసి ఆ పని చేశాయి. 2007లో మోంటానా నుంచి 16 బైసన్లను ఇక్కడికి తెచ్చి వదిలారు. ఇప్పుడా మంద రెండు వందల చుట్టుపక్కల ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పుట్టే దూడలు ఇటుక రంగులో ఉంటాయి. తల్లుల ముదురు గోధుమరంగు పక్కన అవి ఎంత దూరం నుంచైనా కంటికి ఆనతాయి.

చూడటానికి బైసన్ గొప్పదే కానీ ఈ మైదానాన్ని నిలబెట్టేది ప్రెయిరీ డాగ్. పేరులో కుక్క ఉన్నా ఇది ఉడుత జాతి. వందలుగా కలిసి బొరియల ఊళ్లు కట్టుకుంటుంది. గద్ద కనబడితే ఒకటి అరుస్తుంది, మిగతావన్నీ క్షణంలో లోపలికి దూకుతాయి. అవి వదిలేసిన బొరియల్లో చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. ఇవి పట్టపగలే బొరియ గట్టున నిలబడి చుట్టూ చూస్తుంటాయి. కయోటీలూ డేగలూ ప్రెయిరీ డాగులనే తింటాయి. పశువుల మేతకు పోటీ అని పశుపాలకులు ఒక శతాబ్దం పాటు వీటికి విషం పెట్టారు.

ఆ విషప్రయోగంలో వీటినే తిని బతికే నల్లకాళ్ల ఫెర్రెట్ దాదాపు కనుమరుగైంది. ముంగిసను పోలిన సన్నటి ఒంటితో, కళ్ల చుట్టూ నల్లటి గంతతో ఉండే ఈ రాత్రి జంతువు ఇక లేదనే 1970ల చివర్లో అనుకున్నారు. 1981లో వ్యోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర షెప్ అనే పెంపుడు కుక్క చచ్చిన ఫెర్రెట్‌ను ఇంటికి నోట కరుచుకొచ్చింది. అక్కడ వెతికితే చిన్న గుంపొకటి దొరికింది. రోగాలు సోకి అవీ తగ్గిపోతుంటే మిగిలిన 18 జంతువులను పట్టి పెంచారు. ఈనాటి ఫెర్రెట్లలో దాదాపు అన్నీ వాటిలోని ఏడింటి సంతానమే. 2015 అక్టోబరులో ఆ సంతానంలో కొన్నింటిని ఈ ఆశ్రయంలో వదిలారు. పెద్ద నగరం నుంచి అరగంట దూరంలో, అమెరికాలోని అత్యంత అరుదైన క్షీరదాల్లో ఒకటి రాత్రిపూట బొరియ నుంచి బొరియకు తిరుగుతోంది. పగటి యాత్రికులకు అది కనబడదు. దానికి పెద్ద శత్రువు ప్లేగు. ఈగలకంటే చిన్నవైన ఫ్లీ అనే పురుగులు మోసుకొచ్చే ఆ రోగం ప్రెయిరీ డాగుల ఊళ్లకు ఊళ్లను తుడిచిపెడుతుంది. అందుకే సిబ్బంది బొరియల్లో మందు చల్లుతారు, ఫెర్రెట్లకు టీకాలు వేస్తారు. యాత్రికులు బొరియల దగ్గరికి పోకూడదనే నిబంధనకు కారణం కూడా ఇదే.

గడ్డిని తిరిగి నాటడం

సైన్యం రైతులను పంపించాక దున్నిన పొలాలు దుమ్ము రేగకుండా ఉండటానికి రష్యా ప్రాంతపు క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ చల్లారు. అది వేరుదన్ని స్థానిక గడ్డిని రానివ్వలేదు. దాన్ని తీసేసి వేల ఎకరాల్లో స్థానిక విత్తనం వేయడం, వచ్చిన గడ్డిని అదుపులో నిప్పు పెట్టి కాల్చడం, తర్వాత బైసన్లను మేయనివ్వడం ఇక్కడి నిత్యకృత్యం. అడవి అంటే చెట్లేనని నమ్మే కళ్లకు గడ్డిభూమి బీడులా కనిపిస్తుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్టకు కలిగిన కష్టంలో ఈ చూపు పాత్ర చిన్నదేమీ కాదు. గడ్డిని కాపాడటం చెట్టును కాపాడటమంత గౌరవమైన పనిగా ఇక్కడ చూస్తారు. ఈ ఆశ్రయం నుంచి మనం నేర్చుకోదగ్గది అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఏ కాలంలో, ఎలా

శీతాకాలం డేగలకు అనువు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చెరువుల చుట్టూ ఉన్న పెద్ద చెట్లను చూస్తూ నడవాలి. నవంబరులో మగ జింకలు కొమ్ములతో తలపడతాయి. వేసవిలో సెలవులకు పిల్లల దగ్గరికొచ్చే అమ్మానాన్నలను తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు ఉదయమే బయల్దేరడం మేలు. ఎత్తైన చోటు కావడంతో ఎండ చురుకు ఎక్కువ, గాలి పలచన, దారిలో నీడ తక్కువ. మధ్యాహ్నం కొండల మీంచి ఉరుములతో మబ్బులు దిగుతాయి. గడ్డిమైదానంలో నిలబడ్డ మనిషే పిడుగుకు ఎత్తైన గురి కాబట్టి మబ్బు పట్టగానే కారు దగ్గరికి వచ్చేయాలి. మంచినీళ్లు, టోపీ, బైనాక్యులర్స్ చాలు. పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు.

ఆవరణలో సందర్శకులు లోపలికి వెళ్లలేని ఒక సంస్థ ఉంది. అది జాతీయ డేగల భాండాగారం. దేశంలో ఎక్కడ డేగ చచ్చిపోయినా ఇక్కడికి పంపుతారు. తెగలవారు తమ పూజల కోసం కోరిన ఈకలనూ దేహాలనూ ఇక్కడి నుంచే చట్టబద్ధంగా అందుకుంటారు. కోరేవాళ్లు ఎక్కువ కాబట్టి ఏళ్ల తరబడి వేచి ఉంటారు.

మిగిలిన షరతులు

మట్టిని తరలించకుండా అక్కడే పూడ్చడం సరైన శుద్ధేనా అని పౌర సంఘాలు మొదటి నుంచీ అడుగుతూ వచ్చాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే. పూడ్చిన గోతులూ కప్పు వేసిన చోట్లూ నేటికీ సైన్యం అధీనంలోనే ఉన్నాయి, అక్కడ జనానికి ప్రవేశం లేదు. ఆశ్రయం భూమిలో ఇళ్లు కట్టడం, పంటలు పండించడం, భూగర్భజలం తాగడం, ఇక్కడి వేటనూ చేపనూ తినడం నిషిద్ధం. లేడోరా, మేరీ చెరువుల్లో గాలం వేసేవారు పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదలాలి. భూగర్భజలాన్ని సరిహద్దు దగ్గర ఆపి, తోడి, శుభ్రం చేసి మళ్ళీ ఇంకించే కేంద్రాలు నేటికీ పనిచేస్తున్నాయి. చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి శుద్ధి పరిస్థితిని సమీక్షించి నివేదిక ప్రకటిస్తారు.